మగ పురుడు

ఏప్రిల్ 27

ఈ పుస్తకం సగం ఖాళీగా మిగిలిపోయింది. ముప్ఫై రెండేళ్ళు ఇలాంటి పుస్తకాల్లోనే మా దీవిలో, ఈ అత్తాయ అనే ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనీ రాశాను. తేదీ, తల్లి పేరు, ఆడో మగో, బరువు. పోయిన డిసెంబరులో మంత్రసాని ఉద్యోగం మానేసినప్పుడు ఆరోగ్య కేంద్రానికి అన్నీ అప్పగించి ఇదొక్కటి దాచుకున్నాను. దొంగతనమే. అల్లా క్షమిస్తాడు, ఆయనకి పుస్తకాలతో పనేముంది.

ఇకనుంచి ఇందులో నా గోడు రాసుకుంటాను. పక్కింటి హ్నియాకి చెప్పుకుంటే మధ్యాహ్నానికల్లా రేవు దాకా పాకుతుంది. కాగితానికి నోరు లేదు.

ఇవాళ్టి గోడు: నా ముందుగదిలోకి గాజుతొట్టె వచ్చింది.

మా అల్లుడు లస్సద్ ఇద్దరు మనుషుల్ని సాయం తెచ్చుకుని మోసుకొచ్చాడు. మొన్నటి గాలికి వాళ్ళ కొట్టు పైకప్పు లేచిపోయిందట.

"నెలరోజులే అత్తయ్యా. మీ గదిలో ఎండ పడదు. వాడికి చల్లగా ఉండాలి."

"ఎవడికి?"

వేలెడంత కన్నా కాస్త పొడుగు జీవి ఒకటి గడ్డిపోచకి తోక చుట్టుకుని, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా నిటారుగా నిలబడి ఉంది. సముద్రపు గుర్రం. ఆ పక్కనే ఇంకొకటి, కొంచెం సన్నంగా.

"వీడు కడుపుతో ఉన్నాడు" అన్నాడు అల్లుడు, లావుగా ఉన్నదాన్ని చూపిస్తూ.

వెనకటికి ఒకడు ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట. నా అల్లుడు తొట్టె కూడా కట్టించాడు.

ఏప్రిల్ 28

నిన్నటి రాత చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. కోడి కెలికినట్టుంది. ఈ పెన్ను మంచిది కాదు.

ఏప్రిల్ 30

లస్సద్‌ని తిట్టడానికి ఇందులో ఒక పేజీ కేటాయిస్తున్నాను.

వాళ్ళ తాతల నాటి నుంచీ సముద్రంలో వాళ్ళకో షర్ఫియా ఉంది. తాటాకుల్లాంటి ఖర్జూరపు మట్టలు నీళ్ళలో బారుగా పాతి, చేపల్ని దారి మళ్ళించి బుట్టలోకి నడిపించే దడి. వాళ్ళ నాన్న ఆ దడి మీద ఐదుగురు పిల్లల్ని పెంచాడు. వీడేమో దడిలో పడిన చేపల్ని ఇంటికి పంపి, సముద్రపు గుర్రాల్ని లెక్కపెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. సముద్రం అవతల స్ఫాక్స్ పట్నంలోని విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్కపెట్టినందుకు జీతం ఇస్తారట. పట్టినందుకు కాదు, వదిలేసినందుకు!

ఈ జంట దడిలో ఒకే మట్టకి తోకలు చుట్టుకుని దొరికిందట. దడి బాగుచేసే పని నడుస్తోంది, కాళ్ళ కింద పడతాయని ఎత్తుకొచ్చాడు. మగాడు ఎన్ని పిల్లల్ని పెడతాడో లెక్క రాసి, అందర్నీ కలిపి వదిలేస్తాడట.

"ఇది కడుపు కాదు, సంచి" అన్నాను. నాకు తెలీదా.

"సంచే అత్తయ్యా. కానీ ఖాళీ సంచి కాదు. ఆవిడ గుడ్లు అందులో పెట్టేసి తప్పుకుంటుంది. ఆ తర్వాత గాలీ, తిండీ అంతా వీడే. లోపలి నీళ్ళలో ఉప్పు కూడా రోజూ కాస్త కాస్త పెంచుతాడు. బయటికొచ్చేసరికి పిల్లలకి సముద్రం అలవాటైపోవాలని."

"మరి ఆవిడేం చేస్తుంది?"

"పొద్దున్నే వచ్చి పలకరించి వెళ్తుంది."

నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను. ముప్ఫై రెండేళ్ళుగా ప్రసవాల గది బయట సిగరెట్లు కాలుస్తూ తిరిగిన మొగుళ్ళందరూ గుర్తొచ్చారు.

మే 2

గాలి. టేబులు ఊగుతోంది. రాయను.

మే 4

వసీలా అలిగి వెళ్ళిపోయింది. నా కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. యుమ్నా తర్వాత ఆరేళ్ళకి నిలిచిన కడుపు. సాయంత్రం బార్లీ జావ తాగుతూ ఉన్నట్టుండి అంది:

"అమ్మా, నేను ఇక్కడే కంటాను. యుమ్నాని కన్న మంచం మీదే. నీ చేతుల్లోకే."

"స్ఫాక్స్‌లో కంటావు. జూన్ ఒకటిన పడవ ఎక్కుతున్నాం. ఆసుపత్రిలో చెప్పేశాను."

"ఎందుకు? యుమ్నాకి లేని యంత్రాలు దీనికెందుకు?"

"కాలం మారింది."

"ఆరేళ్ళలోనా?"

"నేను పని మానేశాను. నాకిప్పుడు అనుమతి లేదు."

"ఊరందరి ఆడాళ్ళకీ అర్ధరాత్రి లేచి పరిగెత్తావు. నేనొకదాన్ని బరువైపోయానా?"

జావ గిన్నె అలాగే వదిలేసి వెళ్ళింది. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క వాకిలే. అయినా తలుపు శబ్దం ట్రిపోలీ దాకా వినిపించి ఉంటుంది.

నేను చెప్పినదాంట్లో తప్పేముంది? యంత్రాలు మంచివి. నిజంగానే.

మే 6

పిసినారితనానికీ హద్దుండాలి. లస్సద్ మా ఇంటికి వచ్చినప్పుడల్లా మర్యాదగా కాఫీ కలిపి ఇస్తాడు. సగం గ్లాసే! "మళ్ళీ పోస్తానుగా అత్తయ్యా" అంటాడు. పోస్తాడు, మళ్ళీ సగమే. చలికాలం నుంచీ ఇదే వరస. వదిలేసిన చేపలకి జీతం తీసుకునేవాడి చేయి ఇలాగే ఉంటుంది.

టేబులు కాలు కింద అట్టముక్క పెట్టాను. అయినా ఊగుతోంది.

మే 9

రాయకూడదనుకున్నాను కానీ ఎవరికి చెప్పను. ఇవాళ వాళ్ళ పలకరింపు చూశాను.

తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు అయ్యాక కిటికీ తెరిచాను. సన్నటిది గడ్డి వదిలి, వీపు మీది చిన్న రెక్కని అల్లల్లాడిస్తూ మెల్లగా అతని దగ్గరికి వచ్చింది. ఈత అని దానికి పేరు పెట్టడానికి లేదు. మా ఇస్మాయిల్ మామ ముసలితనంలో మసీదుకి నడిచినట్టుంది. దగ్గరికి రాగానే ఇద్దరి ఒళ్ళూ రంగు మారాయి. గోధుమరంగు పోయి తెల్లగా మెరిశాయి. ఒకే పోచకి ఇద్దరూ తోక చుట్టి, ఒకరి చుట్టూ ఒకరు నెమ్మదిగా తిరిగారు. తల వంచడం, ఎత్తడం. పది నిమిషాలు. తర్వాత ఏమీ ఎరగనట్టు ఆవిడ తన మూలకి వెళ్ళిపోయింది.

నా మొగుడు బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే "ఉప్పెక్కడ?" అని పలకరించేవాడు. ఉప్పు ఎప్పుడూ ఒకచోటే ఉండేది.

వీటికి పళ్ళు లేవు, పొట్ట లేదు. తిన్నది తిన్నట్టు జారిపోతుంది కాబట్టి రోజంతా తినాలి. లస్సద్ ఇచ్చే బతికున్న చిన్న చిన్న రొయ్యల్ని గొట్టం మూతితో చటుక్కున పీల్చేస్తాయి. చెవి తొట్టెకి ఆనిస్తే 'టిక్' మని వినిపిస్తుంది. కళ్ళు రెండూ వేరువేరుగా తిరుగుతాయి. ఒకటి రొయ్య మీద, ఒకటి నా మీద. అచ్చం హ్నియా మాట్లాడేటప్పుడు చూసినట్టు.

మే 12

హ్నియా తొట్టె చూడ్డానికి వచ్చింది. తొట్టె కాదు, వసీలా అలక చూడ్డానికి వచ్చింది. కానీ తొట్టె చూసి అలక మర్చిపోయింది.

"నిజంగా మగాడే కంటాడా?"

"నిజమేనట."

"ఏడు కాన్పులు, షెద్లియా! ఏడు! మా ఆయనకి ఇలాంటి సంచి ఒకటి ఉండుంటే మూడైనా వాడి మీద పడేసేదాన్ని."

"ఒకటి పడేసినా చాలు, రెండోది అడిగేవాడే కాదు."

"కడుపుతో ఉన్నన్నాళ్ళూ వాంతులా?"

"కనపళ్ళేదు."

"చూశావా, కన్నా కూడా మగాళ్ళకే సుఖం" అని తీర్మానించి బాదం పలుకులన్నీ తినేసింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అంది, "సలీహా మనవడు బోర్లా పడుతున్నాడు, చూశావా? నీ చేతి మీద పుట్టిన ఆఖరి బిడ్డ. బంగారంలా ఉన్నాడు."

బంగారంలా ఉన్నాడు. మంచిది.

మే 13

ఆ సంగతి ఇక్కడ రాయను.

మే 17

పుట్టారు!

తెల్లారగట్ల నీళ్ళ చప్పుడుకి లేచాను. పెద్దమనిషి తోకతో పోచని బిగబట్టి, ముందుకి ఒంగి, వెనక్కి విరుచుకుని, మళ్ళీ ఒంగుతున్నాడు. రంగు పాలిపోయింది. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాకిట్లోకి వెళ్ళి అరిచాను, "లస్సద్! నొప్పులొచ్చాయి!"

పాపం, వాడు వసీలాకనుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వెనకాల వసీలా పొట్ట పట్టుకుని. ఆమె వెనక యుమ్నా. అలక సంగతి ఎవరికీ గుర్తు లేదు.

నాకు అలవాటు కదా, తొట్టె ముందు కూర్చుని "ఊపిరి బిగబట్టకు నాయనా, వదులు, వదులు" అంటున్నాను. వసీలా పగలబడి నవ్వుతూ గోడకి ఆనుకుంది. సంచి మూతి తెరుచుకుంది. ఒక్కసారి ఒళ్ళు ముడుచుకున్నాడు. పొగలా బయటికొచ్చారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, ముడుచుకున్నప్పుడల్లా పదిహేను, ఇరవై. గోరంత పిల్లలు. అచ్చు పోసినట్టు అన్నీ ఉన్నాయి, మూతి, తోక, ఆ గర్వం. పుట్టగానే పైకి తేలి ఒక గుక్క గాలి మింగి, దొరికిన దానికల్లా తోక చుట్టేస్తున్నారు. ఇద్దరు ఒకరి తోక ఒకరు పట్టుకుని, వదల్లేక గింగిరాలు తిరిగారు.

యుమ్నా ముప్ఫై ఏడు దాకా లెక్కపెట్టి, మర్చిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. గంటన్నర పట్టింది.

తండ్రికి ఆకలేస్తే ఎవరి పిల్లలో చూడడట. అందుకని పిల్లల్ని వేరే తొట్టెలోకి మార్చాలి. లస్సద్ చెంచాతో తీస్తున్నాడు. నీళ్ళతో సహా, ఒక్కొక్కర్నీ, అలుపు లేకుండా. వాడి చేతులు అంత పెద్దవి, తాళ్ళు లాగి లాగి కాయలు కాసినవి, ఒక్క చుక్క ఒలకలేదు.

"నేనూ తీస్తాను" అని చెంచా అందుకున్నాను. మొదటి చెంచాకే ఒలికింది. పిల్ల బల్ల మీద పడింది. లస్సద్ వేలికొసతో అద్ది నీళ్ళలో వదిలాడు, బతికింది.

"గాలి" అన్నాను.

కిటికీ మూసి ఉంది. లస్సద్ నా చేతిలోంచి చెంచా తీసుకుని, "అత్తయ్యా, మీరు లెక్క రాయండి, నేను తీస్తా" అన్నాడు.

ఇదే పుస్తకంలో రాశాను, వరసలో. తేదీ: మే 17. తల్లి: పలకరించి వెళ్ళింది. ఆడో మగో: తెలీదు. సంఖ్య: రెండు వందల అరవై మూడు. బరువు: తూచే త్రాసు లేదు.

మే 18

ఆవిడ పొద్దున్నే వచ్చి, రంగు మారి, తోక చుట్టి, మళ్ళీ గుడ్లు ఇచ్చేసింది. మర్నాడే! పెద్దమనిషి సంచి మళ్ళీ నిండింది.

నలభై రోజులైనా ఆగరా! నా చేతి కింద కన్న ఆడదై ఉంటే మొగుణ్ణి పిలిచి గడ్డి పెట్టేదాన్ని. ఇక్కడ ఎవరికి పెట్టాలో తెలియడం లేదు.

మే 19

పిల్లల్ని వదలడానికి లస్సద్‌తో పడవలో వెళ్ళాను. యుమ్నా గోల చేస్తే దాన్నీ తీసుకెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళు, కింద పచ్చటి గడ్డి మైదానం. బకెట్టు వంచాడు. క్షణంలో గడ్డిలో గడ్డై కనిపించకుండా పోయారు.

"ఇంతమందీ పెద్దవాళ్ళవుతారా?" అంది యుమ్నా.

"వెయ్యిమందిలో ఏ ఇద్దరో ముగ్గురో అవుతారమ్మా" అన్నాడు వాళ్ళ నాన్న.

"మిగతావాళ్ళో?"

"చేపలు తింటాయి. అలలు తీసుకుపోతాయి."

అది బకెట్టులోకి తొంగిచూసి, "అందుకే అంతమందిని కన్నాడు, తెలివైనవాడు" అంది.

వెయ్యికి ముగ్గురు. నా పుస్తకాల్లో నాలుగు వేల పైచిలుకు పేర్లున్నాయి. పోయినవాళ్ళ లెక్క నాకు పేరుపేరునా గుర్తు. ఇరవై ఆరు. గర్వంగా ఉండేది.

రాయనన్నాను కదా. రాస్తాను.

డిసెంబరు తొమ్మిదో తేదీ. సలీహా కోడలు. అంతా సుఖంగా జరిగింది. బిడ్డని ఎత్తాను. నా చేతుల్లోంచి జారిపోయాడు. కింద పరుపు, ఒక జానెడు ఎత్తు. ఏడుపు కూడా ఆపలేదు వాడు. తల్లి కళ్ళు మూసుకుని ఉంది, ఎవరూ చూడలేదు. మర్నాడు మోకాళ్ళ నొప్పులని కాగితం రాసిచ్చి వచ్చేశాను.

ఆ రోజు చలి ఎక్కువ. చేతులు కొంకర్లు పోయాయి. అంతే.

మే 23

స్ఫాక్స్ ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేసి మంచం ఖాయం చేసుకున్నాను. వసీలా సంచి సర్దింది. నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. "ఊఁ", "సరే", "ఉప్పు చాలా?" అలా.

మే 24

పెన్ను మార్చాను. కొత్తదీ మంచిది కాదు.

మే 28

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. వరసగా రాస్తాను.

మొన్న మొదలైన గాలి నిన్న పొద్దుటికి ముదిరింది. స్ఫాక్స్ పడవ కదల్లేదు. మాకేం కంగారు, వసీలాకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. పదింటికి నా వంటింట్లో కుస్‌కుస్ రవ్వ జల్లిస్తోంది. ఉన్నట్టుండి జల్లెడ పక్కన పెట్టి గట్టు పట్టుకుంది. ఆ పట్టుకోవడం నాకు తెలుసు.

"ఎప్పట్నుంచి?"

"తెల్లారగట్ల నుంచి నడుం లాగుతోంది."

"చెప్పి చావవేం?"

"చెప్తే పడవ ఎక్కిస్తావు."

"పడవెక్కడుంది ఇవాళ!"

"తెలుసు" అంది, ఆ నొప్పిలోనూ మొహం వెలిగిపోతూ. "నాలుగు రోజుల్నుంచి గాలి రావాలని దువా చేస్తున్నా."

నేను నోరు తెరిచేలోగా నేల మీద ఉమ్మనీరు.

యుమ్నాని హ్నియా ఇంటికి తోలేశాను. లస్సద్ అంబులెన్సుకి ఫోన్ చేశాడు. రోడ్డు మీద ఇసుక కప్పేసింది, ముప్పావుగంట పడుతుందన్నారు. నేను వసీలాని చూశాను. ముప్పావుగంట లేదు. రెండో కాన్పు, దారి తెలిసిన బిడ్డ.

చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. మోచేతుల దాకా సబ్బు, అలవాటు ప్రకారం. సబ్బు జారి సింకులో పడింది. తీశాను. మళ్ళీ జారింది. అక్కడ నిలబడి ఆ సబ్బుని చూస్తున్నాను. వంటింట్లో గాలి లేదు. చలి లేదు. టేబులూ లేదు, పెన్నూ లేదు.

"లస్సద్! చొక్కా చేతులు పైకి మడిచి ఇలా రా. గోళ్ళ సందులు కూడా రుద్దు."

"నేనా?"

"ఇక్కడ ఇంకో లస్సద్ ఉన్నాడా?"

"అత్తయ్యా, అది మీ పని..."

"నా పని నోటితో చేస్తాను. నువ్వు చేతులతో చెయ్యి."

వాడు నా మొహం చూశాడు. ఎందుకని అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సబ్బు తీసుకుని రుద్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు. చలికాలం నుంచీ సగం గ్లాసు కాఫీ. నా చేతిలోంచి ఒలకకుండా.

పిసినారి అని ఎన్నిసార్లు రాశానో. తర్వాత కొట్టేస్తాను.

మంచం మీద వసీలా వెనక కూర్చుని, దాన్ని నా గుండెకి ఆనించుకున్నాను. లస్సద్ కాళ్ళ దగ్గర.

"ఆయనెందుకక్కడ? అమ్మా, నువ్వు వెళ్ళు!"

దాని భుజాల మీద చేతులు వేశాను. వేయగానే తెలిసిపోయింది దానికి. తల తిప్పింది.

"అమ్మా, నీ చేతులు..."

"వణుకుతున్నాయి. ఏడాది దాటింది. ఇప్పుడు మాట్లాడాల్సింది నా చేతుల గురించి కాదు, నీ ఊపిరి గురించి. పీల్చు."

పీల్చింది. వదిలింది. "అందుకా స్ఫాక్స్ స్ఫాక్స్ అని నన్ను చంపింది!"

"అందుకే. ఇప్పుడు గట్టిగా ముక్కు."

"నేనేదో తప్పు చేశాననుకున్నా..."

"గాడిదా. తర్వాత ఏడు. ముక్కు!"

తల కనిపిస్తోందన్నాడు లస్సద్. అరచెయ్యి ఎలా పెట్టాలో, తొందరపడకుండా తలకి ఎలా ఆసరా ఇవ్వాలో చెప్తున్నాను. తల వచ్చేసింది. వాడి గొంతు మారిపోయింది.

"అత్తయ్యా, మెడకి ఏదో చుట్టుకుంది. తాడులా."

నేనున్న చోటినుంచి నాకు కనపడదు. నాలుగు వేల కాన్పుల్లో ఇలాంటివి ఎన్నో చూశాను, చూసినప్పుడల్లా నా వేళ్ళే ముందు కదిలేవి. ఇప్పుడు నా వేళ్ళు నా కూతురి భుజం మీద ఎండుటాకుల్లా ఆడుతున్నాయి.

"అది పేగు. భయపడకు. నీ చిటికెనవేలు దాని కింద దూరుతుందా?"

వాడు ఒంగి వేలు పెట్టి చూస్తున్నాడు.

"లస్సద్!"

"దూరుతోంది."

"అయితే వదులుగానే ఉంది. లాగకు. వసీలా, ముక్కకు, దీపం ఆర్పినట్టు ఉఫ్ఫు ఉఫ్ఫుమని ఊదు. లస్సద్, వేలు దూర్చి, వలలో ఇరుక్కున్న చేపని విడిపిస్తావే, పొలుసు ఊడకుండా, అలా. తల మీంచి దాటించు."

ఊదుతోంది వసీలా. గాలి తలుపుల్ని కొడుతోంది. నేను బిస్మిల్లా అనుకోవడం కూడా మర్చిపోయాను.

"దాటింది" అన్నాడు.

"ఇప్పుడు ముక్కు తల్లీ!"

జారి వాడి చేతుల్లో పడింది. పడలేదు, వాడు పట్టుకున్నాడు. నీలంగా ఉంది, ఏడవడం లేదు.

"తువ్వాలుతో వీపు రుద్దు. గట్టిగా! బిడ్డ అద్దం కాదు, పగలదు."

రుద్దాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. నాలుగు అనేలోగా ఏడ్చింది. దేవుడా, ఆ ఏడుపు. నాలుగు వేలసార్లు విన్నాను, ఒక్కసారి కూడా ఇలా వినలేదు.

ఆడపిల్ల. పదకొండు ఇరవైకి. తల్లి గుండెల మీద పెట్టించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పించాను. పేగు జోలికి పోవద్దన్నాను, అంబులెన్సు వాళ్ళు చూసుకుంటారని. పావుగంటకి వచ్చారు. లోపలికొచ్చిన నర్సు, "ఎవరు పట్టారు?" అంది. నేను లస్సద్‌ని చూపించాను, లస్సద్ నన్ను చూపించాడు.

తర్వాత లస్సద్ బయటికి వెళ్ళి గడప మీద కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు. హ్నియా గోడ మీంచి చూసి, "మగాడు కంటే ఇలాగే ఉంటుంది" అని అరిచింది.

మే 31

తల్లీ బిడ్డా ఇంటికొచ్చారు. పేరు సుందుస్. మూడు కిలోల వంద. ఇల్లంతా నువ్వులూ తేనే వాసన. వచ్చిన వాళ్ళందరికీ బాలింతకి చేసే మిఠాయి, జ్రీర్, చిన్న గిన్నెల్లో పంచుతున్నాం. హ్నియా మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ మొదటిసారే అన్నట్టు.

ఊరంతా తెలిసిపోయింది. నా చేతుల సంగతి, లస్సద్ చేతుల సంగతి. ఇంతకాలం దాచినదాన్ని జనం రెండు రోజులు మాట్లాడుకుని, మూడోరోజు ఆక్టోపస్‌ల ధర గురించి మాట్లాడుకున్నారు.

జూన్ 5

స్ఫాక్స్. నరాల డాక్టరు. వసీలా బాలింత కాబట్టి లస్సద్ తోడొచ్చాడు. కాగితం మీద నత్తగుల్లలాంటి చుట్ట గీయమన్నాడు డాక్టరు. గీశాను. నత్తని ఎవరో తొక్కినట్టుంది.

"ఇది ప్రాణాలు తీసేది కాదమ్మా" అన్నాడు. "పని చేయబోతేనే వణుకు. ఇది వంశంలో వస్తుంది. మందుతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా?"

"మా నాన్న చేతులు వణికేవి. చలేస్తోందనేవాడు."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ. ఆగస్టులో కూడా."

డాక్టరు నవ్వలేదు. లస్సద్ నవ్వాడు. నేనూ నవ్వాను, కళ్ళనీళ్ళొచ్చేదాకా.

జూన్ 7

కొట్టు పైకప్పు వేశారు, దడి పనీ అయిపోయింది. తొట్టె వెళ్ళిపోయింది. జంటని గడ్డిలో వదిలారు. పెద్దమనిషి సంచి మళ్ళీ ఇంత ఉంది. గది బోసిగా ఉంది. పొద్దున కిటికీ తెరిచి, చూడ్డానికేమీ లేక, పోయి వసీలాని పలకరించి వచ్చాను. "ఏంటమ్మా ఇంత పొద్దున్నే?" అంది. ఏమీ లేదన్నాను.

జూన్ 8

నేను సుందుస్‌ని ఇంకా ఎత్తుకోలేదు. ఎవరైనా అడిగితే జలుబు అంటున్నాను.

జలుబు లేదు.

జూన్ 11

మధ్యాహ్నం వసీలా స్నానానికి వెళ్ళింది. సుందుస్ ఉయ్యాల్లో గుక్కపెట్టింది. లస్సద్ దాన్ని తీసి తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అత్తయ్యా, కాళ్ళు బారచాపి కూర్చోండి."

"నాకు జలు..."

"లేదు."

ఈ మనిషికి ఇంత నోరుందని తెలీదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఒడిలో తలగడ వేశాడు. రెండు పక్కలా ఇంకో రెండు. పడినా పడడానికి చోటు లేకుండా కోట కట్టాడు. దాని మధ్యలో బిడ్డని పెట్టి, నా చేతులు తీసి దాని కింద పెట్టి, వెళ్ళిపోయాడు. వలలు ఎండేశాడట, చూసుకోవాలట.

చేతులు మొదలుపెట్టాయి. మందు వేసుకున్నా సరే, బరువు పడేసరికి మోచేతుల దాకా పాకింది. బిడ్డ అదిరిపోతుంది, ఇంకా ఏడుస్తుంది అనుకుని లస్సద్‌ని పిలవబోయాను.

ఏడుపు ఆగింది. నావైపు చూసింది. ఈ వయసులో వాళ్ళకి ఏమీ కనపడదని నాకు తెలుసు, అయినా చూసింది. ఒక ఆవులింత. రెప్పలు బరువెక్కాయి. పాలబుగ్గ నా మణికట్టుకి ఆనించి నిద్రపోయింది.

యుమ్నా గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మమ్మా, ఎంత బాగా ఊపుతున్నావో!"

నేను ఊపడం లేదే అనబోయాను. అనలేదు.

"నాకూ ఊపు" అని వచ్చి పక్కన చేరింది. తలగడ ఒకటి తీసేసి చోటిచ్చాను.